టన్ను పిండిలో ఒక మిల్లీగ్రాము

బలవర్ధకం చేసిన గోధుమపిండికి మన ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన కొలతలు మూడు నాలుగు వరుసల్లో ఇమిడిపోతాయి. కిలో పిండిలో ఇనుము 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 75 నుంచి 125 మైక్రోగ్రాములు, విటమిన్ బి12 అయితే 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి. ఆ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. కిలోకు ఒక మైక్రోగ్రాము చొప్పున లెక్కవేస్తే టన్ను పిండికి కావలసిన బి12 మొత్తం ఒకే ఒక్క మిల్లీగ్రాము. వంద కోట్ల పాళ్లలో ఒక పాలు. ఆ టన్ను పది కిలోల సంచుల్లో వంద ఇళ్లకు చేరితే, ప్రతి సంచిలోనూ ఆ మిల్లీగ్రాములో నూరో వంతు పడి ఉండాలి. నీళ్లలో కరిగించి పోసే వీలు లేదు. పొడిని పొడిలోనే కలపాలి. కర్మాగారాల్లో ఈ పని చేసేవారిని బ్లెండింగ్ ఆపరేటర్ అంటారు. సంచులు విప్పి మిక్సరులో పోసి, బటన్ నొక్కి, టైమర్ మోగేదాకా నిలబడే పనిగా బయటివాళ్లకు కనిపిస్తుంది. చాలా చోట్ల జీతం కూడా ఆ చూపుకు తగ్గట్టే ఉంటుంది. ఆ అంచనా తప్పని ఈ అధ్యాయం వాదిస్తుంది. పొడులకు కలిసి ఉండే స్వభావం లేదు, అవకాశం దొరికితే విడిపోతాయి. అందువల్ల మిశ్రమాన్ని ఒకసారి తయారుచేసి వదిలేస్తే సరిపోదు. చివరి ప్యాకెట్టుకు సీలు పడేదాకా దాన్ని కాపాడుకుంటూ రావాలి. ఆ కాపలాలో యంత్రం వాటా మనం అనుకునేదానికన్నా చిన్నది.

ముందు లెక్క చూద్దాం. బి12 రేణువు 100 మైక్రాన్ల, అంటే మిల్లీమీటరులో పదో వంతు వ్యాసమున్న చిన్న గోళం అనుకుందాం. దాని బరువు సుమారు 0.7 మైక్రోగ్రాములు ఉంటుంది. కిలో పిండికి కావలసింది ఒక్క మైక్రోగ్రామే కాబట్టి కిలోకు ఒకటిన్నర రేణువు వస్తుంది. పూటకు వంద గ్రాముల పిండి వాడుకుంటే, ఏడు పూటల్లో ఆరింటికి బి12 అసలే ఉండదు, ఏడో పూట కావలసినదానికి ఏడు రెట్లు ఉంటుంది. మిక్సరు ఎంత మంచిదైనా, ఎన్ని గంటలు తిప్పినా ఈ ఫలితం మారదు, ఎందుకంటే సగం రేణువును ఏ మిక్సరూ పంచలేదు. ఇప్పుడు అదే రేణువును 10 మైక్రాన్లకు నూరామనుకోండి. బరువు వెయ్యో వంతుకు పడిపోతుంది, కిలోకు దాదాపు 1500 రేణువులు, వంద గ్రాములకు 150 వస్తాయి. యాదృచ్ఛికంగా కలిసిన పొడిలో హెచ్చుతగ్గులు రేణువుల సంఖ్యకు వర్గమూలమంత ఉంటాయి. 150కి వర్గమూలం సుమారు 12, అంటే ఎనిమిది శాతం తేడా. ప్రమాణం పెట్టిన హద్దుల్లో ఇది ఇమిడిపోతుంది. మిక్సరు స్విచ్ వేయకముందే, ముడిసరుకు నలగడంలోనే మిశ్రమం భవిష్యత్తు సగం తేలిపోయిందన్నమాట.

నిజానికి స్వచ్ఛమైన బి12ను ఎవరూ నేరుగా పిండిలో వేయరు. మాల్టోడెక్స్‌ట్రిన్, డైకాల్షియం ఫాస్ఫేట్ వంటి వాహకంలో కలిపిన 0.1 శాతం పొడిగానో, ఒక శాతం పొడిగానో అది దొరుకుతుంది. 0.1 శాతం పొడి అయితే టన్నుకు ఒక గ్రాము చాలు. ఆ గ్రామును ఇనుము, ఫోలిక్ ఆమ్లం, మరికొంత వాహకంతో కలిపి 200 గ్రాముల ప్రీమిక్స్ చేశారనుకుందాం. ఆ ప్రీమిక్స్‌ను మిల్లులో మైక్రోఫీడర్ టన్ను పిండిలోకి కొద్దికొద్దిగా వదులుతుంది. మొదటి మెట్టు వెయ్యి రెట్లు, రెండోది రెండు వందల రెట్లు, మూడోది ఐదు వేల రెట్లు. మూడూ గుణిస్తే వంద కోట్లు వస్తుంది. ఒక్క గెంతులో దాటలేని దూరాన్ని మూడు మెట్లుగా విరిచారు. ప్రతి మెట్టు దగ్గరా ఒక బ్లెండరో ఫీడరో, దాని పక్కన ఒక మనిషో ఉంటారు. ఏ మెట్టులో తేడా వచ్చినా కింది మెట్లు దాన్ని సరిచేయలేవు. ప్రీమిక్స్ డ్రమ్ములో అడుగున ఇనుము చేరిపోయి ఉంటే, ఆ అడుగు పొడి వాడిన రోజు పిండి మొత్తానికీ ఆ తేడా పాకుతుంది.

అడుగున ఎందుకు చేరుతుంది? ద్రవాల సంగతి వేరు. అణువులు తమంతట తాము కదులుతూనే ఉంటాయి కాబట్టి గ్లాసు నీళ్లలో పడ్డ సిరాచుక్క ఎవరూ కలపకపోయినా కొంతసేపటికి పరుచుకుంటుంది, మళ్లీ చుక్కగా పోగుపడదు. పొడి రేణువు అణువుకన్నా ఎన్నో కోట్ల రెట్లు బరువైనది. ఉష్ణచలనం దాన్ని కదపలేదు. బయటి శక్తి కదిపితేనే కదులుతుంది, ఆ కదలికలో పరిమాణాన్ని బట్టి, బరువును బట్టి, ఆకారాన్ని బట్టి దారులు వేరవుతాయి. చేటలో బియ్యం చెరిగే చేయి వాడుకునేది ఈ గుణాన్నే: ఒడుపుగా ఎగరేసి దించితే నూక ఒక పక్కకు, గింజ ఒక పక్కకు, ఊక గాలికి పోతాయి. విడదీయడానికి ఇంట్లో చేసే పని ఏదో, కలపడానికి కర్మాగారంలో చేసే పనీ అదే, పొడిని ఊపడం, దొర్లించడం, ఎత్తి పోయడం. కలపాలన్న ఉద్దేశం మనకు ఉంటుంది గానీ రేణువులకు తెలియదు.

జపాన్‌లో ఒయామా అనే శాస్త్రజ్ఞుడు 1939లో ఈ చిక్కును బయటపెట్టాడు. అడ్డంగా పడుకోబెట్టిన డ్రమ్ములో రెండు సైజుల రేణువులు కొంతవరకు నింపి తిప్పుతూ పోతే అవి కలవకపోగా డ్రమ్ము పొడవునా పట్టీలు పట్టీలుగా విడిపోయాయి. 1987లో అమెరికాలో రొసాటో, ఆయన సహచరులు కంప్యూటర్ లెక్కలతో మరో సంగతి చూపారు. ఊపిన డబ్బాలో చిన్న రేణువులు పెద్దవాటి కింది ఖాళీల్లోకి జారుతూ ఉంటాయి, దాంతో పెద్దవి పైకి తేలతాయి. 1993లో షికాగో పరిశోధకులు దీనికి మరో కారణం కూడా ఉందన్నారు: ఊపినప్పుడు రేణువులన్నీ మధ్యలో పైకి, గోడల వెంట కిందికి ప్రవహిస్తాయి, పైకి వచ్చిన పెద్ద రేణువు గోడపక్క సన్నని దారిలో దిగలేక అక్కడే ఉండిపోతుంది. ఏ కారణానిది ఎప్పుడు పైచేయి అన్నదాని మీద భౌతికశాస్త్రంలో చాలా వాదాలు నడిచాయి. బ్లెండింగ్ గదికి కావలసిన పాఠం మాత్రం చిన్నది: సైజులు బాగా తేడాగా ఉన్న పొడులను ఊరికే కదిపితే అవి విడిపోతాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. సరిగ్గా కలవలేదని అనుమానం వస్తే ఇంకో పది నిమిషాలు తిప్పితే పోదా? పోకపోవచ్చు, పైగా చెడవచ్చు. చాలా పొడుల్లో మిశ్రమం ఒక దశ దాకా మెరుగై, అక్కడ నిలిచి, ఆ తర్వాత మళ్లీ విడిపోవడం మొదలుపెడుతుంది. మందుల పరిశ్రమలో దీనికి పేరుమోసిన ఉదాహరణ మెగ్నీషియం స్టియరేట్. మాత్ర అచ్చుకు అంటుకోకుండా దీన్ని చివర్లో, తక్కువ మోతాదులో, సాధారణంగా రెండు నుంచి ఐదు నిమిషాలు మాత్రమే కలుపుతారు. ఇది మైనంలాంటి జిడ్డు పొడి. ఎక్కువసేపు తిప్పితే ప్రతి రేణువు మీదా పలచని పొరగా పూత పడుతుంది. అప్పుడు రేణువులు ఒకదానితో ఒకటి పట్టుకోక మాత్ర మెత్తబడుతుంది, నీటిని దగ్గరికి రానివ్వక కడుపులో ఆలస్యంగా కరుగుతుంది. మందు మోతాదు సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం చేయదు. 'ఇంకాస్త తిప్పు' అన్న మాట మీద ఒక లాట్ మొత్తం పారేయాల్సి వస్తుంది. ప్రతి లాట్‌ను ఎలా కలపాలో చెప్పే బ్యాచ్ కార్డులో రాసిన నిమిషాలకు ఈ చరిత్ర ఉంది కాబట్టే, టీ తాగి వచ్చి ఆపుదాంలే అనుకోని ఆపరేటర్ విలువ కంపెనీకి లెక్కల్లో కనబడకుండా మిగులుతుంది.

నిమిషాలు కార్డులో ఉంటాయి, అన్నీ కార్డులో ఉండవు. రిబ్బన్ బ్లెండర్‌నే తీసుకోండి. తొట్టి ఆకారపు పాత్రలో ఒకే ఇరుసు మీద రెండు మెలితిరిగిన పట్టీలు ఉంటాయి. బయటి పట్టీ పొడిని ఒక వైపుకు, లోపలిది ఎదురు వైపుకు నెడతాయి. పట్టీ పై అంచు దాటి పొడి నింపితే, ఆ పైపొర కదలకుండా కూర్చుంటుంది. మరీ తక్కువ నింపితే పట్టీ గాలిని తిప్పుతుంది. ఒకే బరువు సరుకు ఒక లాట్‌లో గుల్లగా, ఇంకో లాట్‌లో దట్టంగా వస్తుంది, కాబట్టి కార్డులోని కిలోలు సరిపోయినా మట్టం సరిపోకపోవచ్చు. అది మూత తీసి చూసినవారికే తెలుస్తుంది. కొద్దిపాటి పదార్థాన్ని అట్టడుగున వేస్తే డిశ్చార్జ్ వాల్వు మీది గుంటలో ఇరుక్కుంటుంది, పైన వేస్తే దుమ్ముగా లేస్తుంది, గోడకు అంటుకుంటుంది. అందుకే ప్రధాన పొడిలో సగం వేసి, దాని మీద చిన్న పదార్థాన్ని పరిచి, మిగతా సగంతో కప్పుతారు. చిన్న పదార్థం తెచ్చిన పాలిథీన్ సంచిలో ప్రధాన పొడి కొంత వేసి, గలగలా ఊపి, అదీ మిక్సరులో పోస్తారు. సంచి లోపలి గోడకు స్థిరవిద్యుత్తుతో అంటుకుపోయిన కొన్ని గ్రాములు లేకపోతే మోతాదులో కోత పడినట్టే. బ్లెండింగ్ మధ్యలో యంత్రం ఆపి, వాల్వు గుంటలోంచి నాలుగైదు కిలోలు పట్టి మళ్లీ పైన పోస్తారు. జల్లెడలో మిగిలిన ఉండలను గరిటెతో రుద్ది దించాలా, పక్కన పెట్టి చెప్పాలా అన్నది మరో నిర్ణయం. ఆ ఉండ వానాకాలపు తేమతో కట్టిందా, సంచిలో మరో పదార్థం చేరి కట్టిందా అన్నది వేలితో నలిపి చూసేవారు పట్టుకుంటారు.

బ్లెండర్ నుంచి బయటికి వచ్చాక కథ అయిపోదు. పొడిని హాపర్‌లో, అంటే సంచులు నింపే గరాటులాంటి తొట్టిలో, పోసినప్పుడు మధ్యలో కుప్ప లేస్తుంది. సన్నని రేణువులు పడ్డచోటే నిలబడతాయి, ముతకవి వాలు మీద దొర్లి గోడల దగ్గరికి పోతాయి. హాపర్ వాలు చాలకపోతే పొడి అంతా ఒకేసారి దిగదు, మధ్యలో బావిలా జారుతుంది. ముందు సంచుల్లో మధ్యలోని సన్నది, చివరి సంచుల్లో గోడపక్క ముతకది వస్తాయి. యూటా విశ్వవిద్యాలయంలో ఆండ్రూ జెనికె 1964లో ప్రచురించిన పుస్తకం హాపర్ వాలును కొలిచి నిర్ణయించే పద్ధతి ఇచ్చింది, ఇప్పటికీ అదే ఆధారం. హైదరాబాద్ నాచారంలో తెలంగాణ ఫుడ్స్ అంగన్‌వాడీ పిల్లల కోసం తయారుచేసే బాలామృతం లాంటి పదార్థాన్ని ఈ కళ్లతో చూడండి. వేయించిన గోధుమ, శనగపప్పు పిండి, పాలపొడి, చక్కెర, నూనె, వాటితోపాటు విటమిన్లు, ఖనిజాలు. పలుకు పలుకుగా ఉండే చక్కెర, మెత్తని పాలపొడి, ఇంకా మెత్తని విటమిన్లు ఒకే ప్యాకెట్టులో ఉండాలి. ఇలాంటి మిశ్రమాల్లో నూనె శక్తి కోసమే వేసినా, సన్నని పొడిని ముతక రేణువులకు అంటించి విడిపోకుండా పట్టి ఉంచే పని కూడా చేస్తుంది. అయితే ఒకేచోట గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. ఎంత వేయాలన్నది సూత్రం చెబుతుంది, ఎలా వేయాలన్నది చేయి నేర్చుకుంటుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. బి12 నెలల తరబడి కాలేయంలో నిల్వ ఉండే విటమిన్. ఈ పూట ఎక్కువైనా, రేపు తక్కువైనా ఒళ్లు సరిచూసుకుంటుంది. అలాంటప్పుడు ఇంత సన్నని సమానత్వం ఎందుకు? ఈ ప్రశ్నలో నిజం ఉంది, దీనికి చక్కని సమాధానం 1950లలో కేంబ్రిడ్జి రసాయన ఇంజనీరు పీటర్ డాంక్‌వర్ట్స్ దగ్గర దొరుకుతుంది. (రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద పడ్డ మైన్లను నిర్వీర్యం చేసి జార్జ్ క్రాస్ పొందిన మనిషి ఆయన. పొడుల లెక్కలు ఆయనకు విశ్రాంతిలా అనిపించి ఉంటాయి.) మిశ్రమం బాగుందా లేదా అన్న ప్రశ్నకు, ఎంత ముక్కలో చూస్తున్నామో చెప్పకుండా జవాబు లేదన్నాడు ఆయన. పిండిలో బి12కి ఆ ముక్క ఒక వారం తిండి కావచ్చు. గుండెకు వాడే డిగాక్సిన్‌లో ఆ ముక్క ఒక్క మాత్ర, అందులో మందు 0.25 మిల్లీగ్రాములే, సరైన మోతాదుకూ హాని చేసే మోతాదుకూ దూరం చాలా తక్కువ. పైగా ఒళ్లు సగటు చూసుకుంటుందన్న వాదన యాదృచ్ఛిక హెచ్చుతగ్గులకే పనికొస్తుంది. హాపర్ చేసే విడదీత యాదృచ్ఛికం కాదు, దానికి వరుస ఉంది. చివరి సంచి కొన్న ఇల్లు నెలంతా ఆ సంచే తింటుంది.

ఇక మూడోది: ల్యాబు ఎందుకుంది, నమూనా తీసి పరీక్షిస్తే తేడా దొరకదా? డాంక్‌వర్ట్స్ మాట ఇక్కడా వర్తిస్తుంది. 1993లో అమెరికాలో ఔషధ నియంత్రణ సంస్థకూ ఒక మందుల కంపెనీకీ మధ్య నడిచిన కేసులో న్యాయమూర్తి తేల్చాల్సిన అంశాల్లో నమూనా సైజు ఒకటి. గుప్పెడు పొడి తీసి పరీక్షిస్తే అందులో వందల మాత్రల మందు సగటై, లోపలి తేడాలు మాయమవుతాయి. మోతాదుకు మూడు రెట్లకు మించని చిన్న నమూనాలే తీయాలని తీర్పు వచ్చింది. చిన్న నమూనా తీయడం కూడా సులువు కాదు. పొడిలోకి దింపే నమూనా గొట్టం దిగుతున్నప్పుడే పైపొరలను కిందికి లాక్కుపోతుంది. దాని గుంటలోకి జారుడు రేణువులు ముందు చేరతాయి, అంటుకునేవి వెనకబడతాయి. నిలువ ఉన్న కుప్పలోంచి కాకుండా, పొడి పారుతున్నప్పుడు ధార మొత్తానికి అడ్డంగా, కొద్దిసేపు చొప్పున చాలాసార్లు పట్టడమే ఈ రంగంలో పాటించే నియమం. ఆ గొట్టం పట్టేదీ, ఆ ధార కింద చేయి పెట్టేదీ చాలా చోట్ల ఆపరేటరే. అంటే ల్యాబు తీర్పు కూడా అదే చేతి మీద ఆధారపడి ఉంది.

యంత్రాలు వచ్చేస్తున్నాయి కదా అన్నది చివరి అభ్యంతరం. బార్‌కోడు లేకపోతే తూకం తెరుచుకోదు, బ్లెండర్ గోడకు అమర్చిన పరారుణ సెన్సర్ మిశ్రమం ఎప్పుడు కుదిరిందో చెబుతుంది. ఇవి నిజమైన మెరుగుదలలే. 1973లో మిషిగన్‌లో జరిగింది చూస్తే బార్‌కోడును తేలిగ్గా తీసేయలేం. ఒక రసాయన సంస్థ రెండు సరుకులు తయారుచేసేది. పాడి పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడు పేరు న్యూట్రిమాస్టర్. ప్లాస్టిక్ మంటలను ఆపే పీబీబీ అనే రసాయనం పేరు ఫైర్‌మాస్టర్. పేర్లు దగ్గర, పొడులూ చూపుకు దగ్గరే. రెండోదాని సంచులు కొన్ని దాణా కర్మాగారానికి వెళ్లాయి, మిక్సరులో పడ్డాయి. మిక్సర్లు తమ పని చక్కగా చేశాయి, విషాన్ని దాణాలో సమానంగా కలిపాయి. పాలు తగ్గి, పశువులు చిక్కిపోవడం చూసి, రసాయన ఇంజనీరింగ్ చదివిన ఫ్రెడరిక్ హాల్‌బర్ట్ అనే రైతు పట్టుబట్టి పరీక్షలు చేయిస్తే 1974లో గానీ సంగతి తేలలేదు. ఐదు వందలకు పైగా కమతాలను మూసివేశారు, దాదాపు 30 వేల పశువులను, 15 లక్షల కోళ్లను చంపి పూడ్చారు. తప్పు సంచి దగ్గర మొదలైనా అక్కడితో ఆగలేదు. మిక్సర్ల మూలల్లో మిగిలిన పొడి తర్వాత వచ్చిన మంచి దాణాలో కూడా కలుస్తూ పోయింది.

బార్‌కోడు మొదటి తప్పును ఆపేదే. రెండోదాన్ని, అంటే మూలల్లో మిగిలినదాన్ని ఆపేది కాదు. శుభ్రం చేసిన బ్లెండర్ లోపలికి టార్చి వేసి, ఇరుసు సీలు చుట్టూ వేలు తిప్పి చూసేవారే దాన్ని ఆపుతారు. సెన్సర్‌కూ హద్దులున్నాయి. మిశ్రమంలో ఒకటి రెండు శాతమున్న పదార్థాన్ని అది బాగా గుర్తిస్తుంది, వంద కోట్లలో ఒక పాలు దానికి కనిపించదు. కిటికీ ముందు తిరిగే పొడినే చూస్తుంది తప్ప వాల్వు గుంటలో ఇరుక్కున్నదాన్ని చూడదు. యాంత్రీకరణ పెరిగిన చోట సంచులు మోసే కష్టం తగ్గుతుంది, అది కోరదగినదే. తెర మీది అంకె నిజం చెబుతోందా అని అనుమానించగల జ్ఞానం అవసరం మాత్రం పెరుగుతుంది.

ఆ జ్ఞానానికి ప్రాణం ఖరీదు కూడా ఉంది. ధూళి లాగే గొట్టంలోకి ముందు పోయేది అతి సన్నని, తరచూ అతి విలువైన పదార్థమే కాబట్టి దుమ్ము లేస్తే మోతాదు పోతుంది. ఊపిరితిత్తులూ పోతాయి: పిండి దుమ్ముతో రొట్టెల పనివాళ్లకు వచ్చే ఉబ్బసాన్ని 1700లోనే ఇటలీ వైద్యుడు రమజ్జీని రాసిపెట్టాడు. గాలిలో తేలే పొడి మండుతుంది కూడా. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని పోర్ట్ వెంట్‌వర్త్‌లో పంచదార ధూళి పేలి 14 మంది చనిపోయారు. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మాత్రలకు వాడే సెల్యులోజ్ పొడి తయారయ్యే కర్మాగారంలో జరిగిన పేలుడు నలభై మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ పొడి సంచులు మందుల కంపెనీల బ్లెండింగ్ గదుల్లో రోజూ విప్పేవే. ఎర్తింగ్ క్లిప్ పెట్టామా, దూలాల మీద దుమ్ము పేరుకుందా అన్న చూపు అక్కడ లాంఛనం కాదు.

కాబట్టి ఈ పనిని హెల్పర్ పనిగా లెక్కగట్టి, మూడు నెలలకో కాంట్రాక్టు మనిషిని మార్చే పద్ధతి ఆదా అనిపించుకోదు. రేణువుల శాస్త్రం అలవాటైన చేతిని పోగొట్టుకోవడమది. ఆపరేటర్‌కు సూత్రం అంకెలతోపాటు వాటి వెనక కారణం కూడా చెప్పాలి. ఉండ కనిపించినా, సంచి రంగు మారినా లాట్‌ను నిలబెట్టే అధికారం షిఫ్టు ఇన్‌చార్జి కోసం ఎదురుచూడకుండా ఇవ్వాలి. బ్యాచ్ కార్డులో 'కలిపినవారు' అని సంతకం చేయించుకునే కంపెనీలు, అదే కాగితంలో 'ఆపినవారు, కారణం' అని ఇంకో గడి గీయాలి.